సీపాప్‌తో సంసారం, ప్రయాణం

గురక పెట్టి నిద్రపోతున్నాడంటే ఒళ్ళు తెలియకుండా హాయిగా పడుకున్నాడని మన పెద్దవాళ్ళ నమ్మకం. కుంభకర్ణుడి దగ్గర్నుంచి మన మేనమామల దాకా గురక మనకి నవ్వులాటే. అందరి గురకా జబ్బు కాదు గానీ, కొందరికి మాత్రం గురక మధ్యలో గొంతు వెనక కండరాలు సడలి శ్వాసదారి మూసుకుపోతుంది. పది, ఇరవై సెకన్ల పాటు ఊపిరి ఆగుతుంది. మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. మళ్ళీ గురక, మళ్ళీ ఆగడం... రాత్రంతా ఇదే వరస. పొద్దున లేచేసరికి తలనొప్పి, మధ్యాహ్నం మీటింగులో కునుకు, సాయంత్రం స్టీరింగు ముందు ఆవలింతలు. దీనిపేరే స్లీప్ ఆప్నియా. దీనికి ఎక్కువమంది డాక్టర్లు రాసిచ్చే సాధనం సీపాప్.

నేను బహ్రెయిన్‌లో సాఫ్టువేరు ఉద్యోగంలో ఉన్నాను. ఏడేళ్ళుగా ముక్కుకి మాస్కు తగిలించుకునే పడుకుంటున్నాను. ఏడాదికోసారి హైదరాబాదు, పని మీద తరచు కాజ్‌వే దాటి సౌదీ, అప్పుడప్పుడు అమెరికా. ఎక్కడికెళ్ళినా ఈ పెట్టె నా వెంటే. ఇన్నాళ్ళలో నేను గమనించింది ఒకటుంది. నాకు తెలిసినవాళ్ళలో సీపాప్ మానేసినవాళ్ళు మెషీను పాడై మానలేదు, ప్రయాణంలో మానారు. "మూడు వారాలే కదా, ఇండియాకి ఎందుకీ మూట" అని ఇక్కడే వదిలి వెళ్తారు. తిరిగొచ్చాక మాస్కు పెట్టుకోవడం మళ్ళీ మొదటి రోజంత కష్టంగా ఉంటుంది. ఆ తర్వాత మెషీను బీరువా మీదికి ఎక్కుతుంది. కాబట్టి ఈ వ్యాసంలో మెషీను గొప్పతనం కన్నా దాన్ని ఏ రాత్రీ మానకుండా వాడుకునే ఉపాయాలే ఎక్కువ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. ఒత్తిడి ఎంత పెట్టాలి, ఏ మెషీను కొనాలి అన్నవి మీ డాక్టరు చెప్పాల్సినవి.

వాక్యూమ్ క్లీనర్ మోటారు నుంచి

సిడ్నీ విశ్వవిద్యాలయంలో కోలిన్ సల్లివన్ అనే వైద్యుడు వాక్యూమ్ క్లీనర్ మోటారుని తిప్పి వాడి, ముక్కులోకి గాలి ఊదితే శ్వాసదారి మూసుకుపోకుండా ఉంటుందని చూపించాడు. ఐదుగురు రోగుల మీద ఫలితాలు 1981లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. నలభై ఏళ్ళు దాటినా సూత్రం అదే. సన్నటి రబ్బరు గొట్టం నొక్కుకుపోకుండా లోపల గాలి నింపి ఉంచినట్టు, గొంతుని గాలి ఒత్తిడితో తెరిచి ఉంచడం. ఒత్తిడిని నీటి మట్టం సెంటీమీటర్లలో కొలుస్తారు. ఇళ్ళలో వాడే మెషీన్లు మామూలుగా 4 నుంచి 20 దాకా ఇస్తాయి.

ఇది లావుగా ఉండే తెల్లవాళ్ళ జబ్బు అనుకుంటే పొరపాటు. ముంబైలో 35 నుంచి 65 ఏళ్ళ మగవాళ్ళ మీద చేసిన అధ్యయనం 2004లో అచ్చయింది. అందులో 19.5 శాతం మందికి నిద్రలో శ్వాస దెబ్బతింటోందని, 7.5 శాతం మందికి దానితోపాటు పగటి మగత కూడా ఉందని తేలింది. వాళ్ళు మనలాంటి పట్నవాసులే. గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, తగ్గిందో చెప్పే అంకెని ఏహెచ్ఐ అంటారు. 5 లోపు ఉంటే మామూలు, 15 దాకా స్వల్పం, 30 దాకా మధ్యస్థం, ఆ పైన తీవ్రం.

మీసం, మాస్కు, మొదటి నెల

మాస్కులు మూడు రకాలు. ముక్కు రంధ్రాల దగ్గర ఆనే చిన్న బుడిపెలవి, ముక్కుని కప్పేవి, ముక్కూ నోరూ రెంటినీ కప్పేవి. పెద్ద మాస్కు పెట్టుకుంటే బాగా పనిచేస్తుందన్న నియమం ఏమీ లేదు. నోరు మూసుకుని పడుకోగలిగేవాళ్ళకి చిన్నదే సుఖం. మన మగవాళ్ళకి మరో చిక్కు మీసం. మీసం మీద ఆనే మాస్కు పక్కనుంచి గాలి కారుతుంది, ఆ గాలి కళ్ళలోకి కొడుతుంది. మీసం తీయడం ఇష్టం లేకపోతే రంధ్రాల దగ్గర ఆనే రకం అడిగి చూడండి.

పట్టీలు బిగించేకొద్దీ గాలి కారడం తగ్గుతుందనుకుంటాం. నిజానికి బాగా బిగిస్తే సిలికాన్ మడత నలిగి ఇంకా కారుతుంది, ముక్కు మీద పుండు పడుతుంది. మెషీను నడుస్తుండగా, పడుకున్న భంగిమలోనే పట్టీలు సర్దుకోవాలి. కూర్చుని సర్దుకుంటే పడుకోగానే ముఖం ఆకారం మారిపోతుంది. మొదటి వారం రోజులు సాయంత్రం టీవీ చూస్తూ ఓ అరగంట మాస్కు పెట్టుకు కూర్చోండి. పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి. మెదడుకి అది అలవాటు కావడమే ముఖ్యం.

రోజూ పొద్దున మాస్కు కుషన్‌ని గోరువెచ్చని నీళ్ళు, కాస్త సబ్బుతో కడగాలి. ముఖానికి రాసుకున్న క్రీమూ, తలకి పెట్టిన కొబ్బరినూనే సిలికాన్‌కి శత్రువులు. గొట్టం వారానికోసారి కడిగి నీడన ఆరేయాలి. ఓజోన్‌తో శుభ్రం చేస్తామనే పెట్టెలు మార్కెట్లో కనిపిస్తాయి. వాటిని తాము ఆమోదించలేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఏ. 2020లోనే హెచ్చరించింది. సబ్బునీళ్ళు చాలు.

ఏసీ, దుమ్ము, బఖూర్

గల్ఫ్‌లో ఉండేవాళ్ళకి కొన్ని ప్రత్యేకమైన ఇబ్బందులున్నాయి. బయట ఆగస్టు ఉక్క, లోపల స్ప్లిట్ ఏసీ ఇరవై డిగ్రీల చలి. మెషీనులో నీళ్ళ తొట్టి గాలిని వెచ్చగా, తేమగా చేసి పంపిస్తుంది. ఆ గాలి చల్లటి గొట్టంలో పోతూ నీటి చుక్కలవుతుంది. అర్ధరాత్రి ముక్కులో గుడగుడమని నీళ్ళు! కంగారు పడకండి. ఏసీ రెండు డిగ్రీలు పెంచండి, తేమ సెట్టింగు ఒక మెట్టు తగ్గించండి, గొట్టానికి బట్ట తొడుగు వేయండి, మెషీనుని మంచం ఎత్తు కన్నా కింద పెట్టండి. అప్పుడు నీళ్ళు చేరినా తొట్టి వైపుకే జారతాయి. వేడి తీగ ఉన్న గొట్టం దొరికితే ఈ బాధ చాలావరకు తీరిపోతుంది. ఏసీ గాలి నేరుగా గొట్టం మీదికి కొట్టకుండా కూడా చూసుకోండి.

రెండోది దుమ్ము. షమాల్ గాలి లేచిన రోజున కిటికీలు మూసినా బల్ల మీద సన్నటి ఇసుక పేరుకుంటుంది. మెషీను వెనక ఉండే ఫిల్టర్ అదంతా పట్టుకుంటుంది. చల్లటి దేశాల వాళ్ళ కోసం పుస్తకంలో రాసిన గడువు మనకి పనికిరాదు. వారానికోసారి తీసి చూడండి, బూడిదరంగుకి తిరిగితే మార్చేయండి. ఉతికే రకం కాకపోతే ఉతకొద్దు. ఫిల్టర్లు ఒకేసారి ఓ డజను తెప్పించుకుంటే నయం.

మూడోది పొగ. మెషీను గదిలో ఏముంటే అదే లాగి మీ ఊపిరితిత్తుల్లోకి పంపుతుంది. ఆ ఫిల్టర్ ఇసుకని ఆపుతుంది గానీ పొగని పూర్తిగా ఆపలేదు. ఇక్కడ ఇళ్ళలో వేసే బఖూర్ పొగైనా, మనం వేసే సాంబ్రాణీ అగరొత్తులైనా, ఇండియాలో మస్కిటో కాయిలైనా పడకగదిలో వద్దు.

ఇక నీళ్ళు. బహ్రెయిన్ కుళాయిలో వచ్చేది ఎక్కువగా ఉప్పు తీసిన సముద్రపు నీళ్ళే అయినా, అందులోనూ ఖనిజాలుంటాయి. తొట్టిలో తెల్లటి పొర కడతాయి. మందుల షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ వాడండి. కారు బ్యాటరీలో పోయడానికి అమ్మే నీళ్ళు ఊపిరికి వాడకండి. ప్రయాణంలో ఒకటి రెండు రాత్రులు డిస్టిల్డ్ వాటర్ దొరక్కపోతే సీలున్న బాటిల్ నీళ్ళతో గడిపి, తర్వాత తొట్టి బాగా కడుక్కోవచ్చు. ఏ నీళ్ళైనా పొద్దున్నే పారబోసి తొట్టి ఆరబెట్టాల్సిందే.

లాగ్ ఫైళ్ళు చదవడం మన పనే కదా

ఈ శీర్షిక పాఠకులకి నచ్చే భాగం ఇది. చాలా మెషీన్లలో ఒక ఎస్.డి. కార్డు ఉంటుంది. ప్రతి శ్వాస ప్రవాహం, ఒత్తిడి, గాలి కారడం, ఊపిరి ఆగిన ప్రతిసారీ అందులో నమోదవుతాయి. రెస్‌మెడ్ మెషీన్లు వీటిని యూరోపియన్ డేటా ఫార్మాట్ అనే బహిరంగ ఫైలు రూపంలో రాస్తాయి. వీటిని చదవడానికి ఆస్కార్ అనే ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్టువేరు ఉంది. స్లీపీహెడ్ అనే పాత ప్రాజెక్టు 2019లో ఆగిపోయాక దాని కోడు మీదే ఔత్సాహికులు దీన్ని కట్టారు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది. డేటా మీ కంప్యూటరు దాటి ఎక్కడికీ పోదు.

కార్డు తీసేముందు మెషీను ఆపాలి. కంప్యూటర్లో పెట్టేముందు కార్డు పక్కనున్న లాక్ మీట కిందికి జరపాలి, లేకపోతే ఆపరేటింగ్ సిస్టమ్ తన ఫైళ్ళు కొన్ని అందులో రాసేస్తుంది. తిరిగి మెషీనులో పెట్టేముందు లాక్ తీయడం మర్చిపోకూడదు.

మొదట చూడాల్సినవి మూడే అంకెలు. ఎన్ని గంటలు వాడారు? ఏహెచ్ఐ 5 లోపు ఉందా? గాలి ఎంత కారుతోంది? రెస్‌మెడ్ లెక్కలో నిమిషానికి 24 లీటర్లు దాటితే ఎక్కువ కారుతున్నట్టు. వారం రోజుల గ్రాఫు పక్కపక్కన పెట్టి చూస్తే చాలా తెలుస్తుంది. వెల్లకిలా పడుకున్న రాత్రి, మందు తాగిన రాత్రి అంకెలు ఎలా మారతాయో మీకే కనిపిస్తుంది. కనిపించింది కదా అని ఒత్తిడి సెట్టింగులు మీరే మార్చకండి. ప్రొడక్షన్ సర్వర్ మీద అనుమతి లేకుండా చెయ్యి పెట్టనట్టే, ఇదీ. గ్రాఫు ప్రింటు తీసి డాక్టరుకి చూపించండి. చాలామంది డాక్టర్లు సంతోషిస్తారు.

అమెరికాలో ఉన్న మిత్రులకి ఒక మాట. మెడికేర్ నియమం ప్రకారం, మొదటి మూడు నెలల్లో వరసగా 30 రోజుల వ్యవధిలో 70 శాతం రాత్రులు కనీసం 4 గంటలు వాడినట్టు రుజువుండాలి. చాలా ప్రైవేటు బీమా కంపెనీలూ ఇదే కొలబద్ద పట్టుకున్నాయి. కొత్త మెషీను వచ్చిన నెలలోనే ఇండియా ప్రయాణం పెట్టుకుని, దాన్ని ఇంట్లో వదిలేస్తే ఆ లెక్క తప్పుతుంది.

విమానం ఎక్కేముందు

సీపాప్ ఎప్పుడూ మీ చేతి సామానులోనే ఉండాలి. చెక్‌ఇన్ సూట్‌కేసులో వేస్తే, అది దోహాలోనో దుబాయ్‌లోనో ఆగిపోయిన రోజున మీ నిద్రా అక్కడే ఆగిపోతుంది. అమెరికాకి వచ్చే, అక్కణ్ణించి బయల్దేరే విమానాల్లో దీన్ని సహాయక పరికరంగా లెక్కిస్తారు, చేతి సామాను లెక్కలోకి రాదు. మిగతా చోట్ల కూడా చాలా ఎయిర్‌లైన్స్ ఒప్పుకుంటాయి. కానీ కౌంటరు దగ్గర వాదన పెట్టుకునే బదులు ముందే ఈమెయిల్ పంపి, జవాబు ప్రింటు తీసి పెట్టుకోండి. డాక్టరు ఉత్తరం ఒకటి, అందులో మీ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, మెషీను పేరు, ఒత్తిడి సెట్టింగు రాయించుకోండి. రెండు కాపీలు. ఫోనులో ఇంకోటి.

నీళ్ళ తొట్టి పూర్తిగా ఖాళీ చేసి తుడవండి. తొట్టిలో మిగిలిన నీళ్ళు బ్యాగు ఒంపగానే మోటారులోకి పోతాయి. భద్రతా తనిఖీ దగ్గర లాప్‌టాప్ లాగే దీన్నీ బయటికి తీయమనవచ్చు. అందుకని మెషీనుని ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ సంచీలో పెట్టి, ఆ సంచీని బ్యాగులో పెట్టండి. అందరి చెప్పులూ బెల్టులూ పోయిన ట్రేలో మీ ముక్కుకి పెట్టుకునేది నేరుగా పెట్టక్కర్లేదు.

విమానంలోనే వాడుకోవాలంటే లెక్క వేరు. అమెరికా రవాణా శాఖ నియమాలు 2009 మే నుంచి విదేశీ విమానాలకీ వర్తిస్తున్నాయి. మెషీను మీద విమానంలో వాడవచ్చని తయారీదారు ముద్ర ఉండాలి, ఎయిర్‌లైన్ 48 గంటల ముందు సమాచారం అడగవచ్చు, ప్రయాణ సమయానికి ఒకటిన్నర రెట్లు బ్యాటరీ తెమ్మనవచ్చు. సీటు దగ్గర సాకెట్ ఉంది కదా అనుకోకండి, అది పనిచేస్తుందని ఎవరూ హామీ ఇవ్వరు. బహ్రెయిన్ నుంచి హైదరాబాదుకి నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. దానికి నేను మెషీను తీయను, మేలుకునే ఉంటాను. న్యూయార్క్ లాంటి దూరాలకి మాత్రం ఆలోచించాల్సిందే.

బ్యాటరీ లెక్క

మెషీను సగటున 10 వాట్లు తింటుందనుకోండి. ఎనిమిది గంటలకి 80 వాట్-అవర్లు. మార్పిడిలో పోయేది కలిపి ఓ 90. అదే నీళ్ళ తొట్టి, వేడి గొట్టం కూడా పెడితే 40 వాట్లు, అంటే రాత్రికి 320. తేమ ఆపేస్తే బ్యాటరీ మూడు నాలుగు రెట్లు ఎక్కువ వస్తుందన్నమాట.

ఇప్పుడు విమానాల పరిమితి చూడండి. 100 వాట్-అవర్ల లోపు లిథియం బ్యాటరీకి ప్రత్యేక అనుమతి అక్కర్లేదు, 100 నుంచి 160 దాకా ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, ఆ పైన కుదరదు. విడి బ్యాటరీ ఏదైనా చేతి సామానులోనే, దాని కొనలు ఒకదానికొకటి తగలకుండా. బ్యాటరీ మీద మిల్లీ ఆంపియర్ అవర్లే రాసి ఉంటే దాన్ని 1000తో భాగించి 3.7తో గుణించండి. 20,000 అంటే 74 వాట్-అవర్లు. పద్నాలుగు గంటల ప్రయాణానికి ఒకటిన్నర రెట్లంటే 21 గంటలు, అంటే 210 వాట్-అవర్లు. ఒక్క బ్యాటరీతో అయ్యే పని కాదు. పైగా 2025 అక్టోబరు నుంచి ఎమిరేట్స్ విమానంలో పవర్‌బ్యాంకుల వాడకాన్ని నిషేధించింది. మీ సీపాప్ బ్యాటరీని పవర్‌బ్యాంకుగా చూస్తారో, వైద్య పరికరంగా చూస్తారో టిక్కెట్టు కొనేముందే రాతపూర్వకంగా అడగండి.

కొనేటప్పుడు వోల్టేజి కూడా చూడాలి. కొన్ని మెషీన్లు 12 వోల్టులవి, కొన్ని 24 వోల్టులవి. 24 వోల్టుల మెషీనుకి కారు సాకెట్ నేరుగా పనికిరాదు, దానికి తగిన కన్వర్టర్ కావాలి. ఇక్కడ చలికాలం రాగానే సఖీర్ ఎడారిలో గుడారాల సందడి మొదలవుతుంది. మన తెలుగు కుటుంబాలు కూడా నలుగురైదుగురు కలిసి ఓ రాత్రి గడిపి వస్తుంటారు. అక్కడ నాకు పనికొచ్చే పద్ధతి ఇదే: తేమ ఆపు, బ్యాటరీ పెట్టు, మెషీనుని ఇసుక మీద కాకుండా పెట్టె మీద ఉంచు, జనరేటరు పొగకీ చలిమంటకీ దూరంగా పడుకో.

ఇండియాలో మూడు వారాలు

బహ్రెయిన్‌లో 230 వోల్టులు, మూడు చదరపు పిన్నుల బ్రిటిష్ ప్లగ్గు. ఇండియాలో వోల్టేజి అదే, పిన్నులు గుండ్రం. అమెరికాలో 120 వోల్టులు. మెషీను అడాప్టర్ మీద 100-240 అని ఉంటే మూడు చోట్లా పనిచేస్తుంది. ప్లగ్గు మార్చే బిళ్ళ వాడే బదులు అడాప్టర్‌కి సరిపోయే ఆ దేశపు తీగే కొనుక్కుంటే వదులై రాత్రిపూట ఊడిపోయే బాధ ఉండదు. పడకకి దూరంగా సాకెట్ ఉండటం మన పాత ఇళ్ళలో మామూలే, కాబట్టి ఐదు మీటర్ల ఎక్స్‌టెన్షన్ బోర్డు తప్పనిసరి. కరెంటు పోయినా ఇన్వర్టర్ ఉంటే బెంగ లేదు. అది ప్యూర్ సైన్ వేవ్ రకమో కాదో కనుక్కోండి, కాకపోతే మీ బ్యాటరీ మీదే నడపండి.

తిరుమల లాంటి ఎత్తుకి మెషీనుకి ఏ ఇబ్బందీ లేదు. లేహ్ సుమారు 3,500 మీటర్లు. ఉదాహరణకి రెస్‌మెడ్ ఎయిర్‌సెన్స్ 10కి తయారీదారు చెప్పిన పరిమితి 2,591 మీటర్లు. అక్కడికి వెళ్తుంటే డాక్టర్ని అడిగే వెళ్ళండి. రైల్లో రాత్రి ప్రయాణానికి బెర్తు పక్కనున్న సాకెట్‌ని నమ్ముకోకండి, బ్యాటరీ దగ్గరుంచుకోండి.

అన్నిటికన్నా కష్టమైంది చుట్టాల చూపు. "ఏమైంది నాయనా, ఆక్సిజనా?" అని పెద్దవాళ్ళు గాభరా పడతారు. ఆక్సిజన్ కాదు, ఉత్త గాలే అని మొదటి రోజే అందరి ముందూ చూపించేయండి. ఒకరిద్దరు పక్కకి పిలిచి "మా ఆయనకీ గురకే, మధ్యలో ఊపిరి ఆగినట్టుంటుంది" అని మెల్లగా చెబుతారు. వాళ్ళని పరీక్షకి పంపగలిగితే మీ మూట మోసిన శ్రమ తీరినట్టే. పళ్ళకో, మోకాలికో ఆపరేషన్ పెట్టుకుని వెళ్ళినవాళ్ళు మత్తు డాక్టరుకి ఆప్నియా సంగతి తప్పకుండా చెప్పాలి, మెషీను ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. నిద్రమాత్రలు ఎవరిచ్చినా డాక్టర్ని అడక్కుండా వేసుకోవద్దు.

పాత మెషీన్లు, అయస్కాంతాలు

ఇండియాలో బంధువులకి పనికొస్తుందని పాత మెషీన్లు తీసుకెళ్ళేవాళ్ళు జాగ్రత్త. శబ్దం తగ్గించడానికి పెట్టిన నురుగు పొడిపొడిగా రాలుతోందని ఫిలిప్స్ రెస్పిరానిక్స్ 2021 జూన్‌లో లక్షల మెషీన్లు వెనక్కి పిలిచింది, మొదటి తరం డ్రీమ్‌స్టేషన్ వాటిలో ఒకటి. సీరియల్ నంబరు చూడకుండా ఎవరికీ ఇవ్వకండి. ఒకరి ఒత్తిడి సెట్టింగు ఇంకొకరికి నప్పదు కూడా. కొన్ని మాస్కుల క్లిప్పుల్లో అయస్కాంతాలుంటాయి. పేస్‌మేకర్ లాంటివి అమర్చుకున్నవాళ్ళు అవి వాడకూడదని ఫిలిప్స్ 2022లో, రెస్‌మెడ్ 2023లో హెచ్చరించాయి. పక్కన పడుకునేవాళ్ళకి పేస్‌మేకర్ ఉన్నా ఇది వర్తిస్తుంది.

ఎందుకింత పట్టుదల?

గుండెజబ్బు ఉన్న ఆప్నియా రోగుల మీద చేసిన సేవ్ అనే పెద్ద అధ్యయనం 2016లో వచ్చింది. 2,717 మంది. సీపాప్ ఇచ్చినవాళ్ళకి గురక, పగటి మగత తగ్గాయి, మనసు తేలికపడింది. కానీ గుండెపోట్లూ పక్షవాతాలూ తగ్గలేదు. వాళ్ళు సగటున రాత్రికి వాడింది 3.3 గంటలే. తక్కువ వాడకం ఒక కారణం కావచ్చని చాలామంది వైద్యుల అభిప్రాయం. మెషీను మానేసిన ఒకటి రెండు రాత్రుల్లోనే ఊపిరి ఆగడం తిరిగి మొదలవుతుంది. బరువు తగ్గితే ఆప్నియా తగ్గవచ్చు. స్థూలకాయం ఉన్న రోగులకి టిర్జెపటైడ్ అనే ఇంజెక్షన్‌ని 2024 డిసెంబరులో ఎఫ్.డి.ఏ. ఆమోదించింది కూడా. అయితే బరువు తగ్గేదాకా కూడా రాత్రులు గడవాలి కదా.

నాకు మాత్రం గుర్తొచ్చేది కాజ్‌వే. పాతిక కిలోమీటర్లు, రెండు వైపులా సముద్రం, తిన్నటి రోడ్డు, నిద్ర లేని కళ్ళకి అంతకన్నా ప్రమాదం ఉండదు. సెలవులనుంచి దిగిన మర్నాడే డ్యూటీకి కారెక్కేవాళ్ళు మనలో ఎంతమందో! ఆ సెలవుల్లోనూ సీపాప్ పెట్టుకునే పడుకున్నవాడికీ, మూడు వారాలు మానేసి వచ్చినవాడికీ తేడా ఆ వంతెన మీద తెలుస్తుంది.

చివరగా, బ్యాగు సర్దేటప్పుడు చూసుకోవాల్సిన జాబితా: మెషీను, అడాప్టర్, ఆ దేశపు తీగ, ఎక్స్‌టెన్షన్ బోర్డు, మాస్కు, అదనంగా ఒక కుషన్, రెండు ఫిల్టర్లు, ఖాళీ తొట్టి, బ్యాటరీ, డాక్టరు ఉత్తరం రెండు కాపీలు. దీన్ని ఓ కాగితం మీద రాసి బ్యాగు లోపలే అంటించండి. పాస్‌పోర్టు పెట్టుకున్నారా అని ఇంట్లోవాళ్ళు అడిగినప్పుడే మెషీను పెట్టుకున్నారా అని కూడా అడగమనండి.